అత్తగారు పేర్చిన రాళ్ళు

పోయిన నెలలో మా అత్తగారు పోయారు. పెర్త్‌లో, మా ఇంట్లో, నిద్రలోనే. ఊరి నుంచి ఫోన్లు చేసినవాళ్ళలో చాలామంది ముందుగా అన్న మాట ఒకటే: "అయ్యో, కూతురింట్లోనా పోయింది?" పోవడం కంటే అక్కడ పోవడమే పెద్ద కష్టమన్నట్టు! అందరికీ విడివిడిగా జవాబు చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

ఆవిడది పల్నాడు. మావగారు పోయాక విజిటర్ వీసా మీద మా దగ్గరికి వచ్చారు. అల్లుడంటే ఆవిడ దృష్టిలో మనిషి కాదు, మర్యాద. నేను హాల్లోకి అడుగుపెడితే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేవారు. నాతో మాట్లాడాలంటే మధ్యలో మా అమ్మాయి ఉండాలి. "మీ నాన్నగారు కాఫీ తాగుతారేమో కనుక్కో తల్లీ" అనేవారు, నాకు రెండడుగుల దూరంలో నిలబడి. అది బొమ్మల్లోంచి తలెత్తకుండానే "డాడ్, కాఫీ?" అనేది. నా "ఊఁ" మళ్ళీ అదే దారిలో ఆవిడకి చేరేది. పెట్టెలోంచి ఏ పూటకాపూట ఒక చీర తీసుకునేవారే తప్ప, ఖాళీ అల్మారాలో ఒక్కటీ పెట్టలేదు. ఉండిపొమ్మని మా ఆవిడ పోరితే, "కూతురింట్లో ఎన్నాళ్ళుంటానే, నలుగురూ ఏమనుకుంటారు?" అని కొట్టిపారేసేవారు.

తిరుగు ప్రయాణం దగ్గర పడింది. ఏదో ఒకటి చూపించకుండా పంపితే బాగుండదని, చలికాలంలో ఓ శనివారం పినకిల్స్‌కి బయల్దేరాం. పెర్త్ నుంచి ఉత్తరంగా రెండు గంటల దారి, నేషనల్ పార్కు. పులిహోర, పెరుగన్నం, ఫ్లాస్కులో కాఫీ. దారి పొడవునా ఆవిడ కునుకుతూనే ఉన్నారు.

కారు దిగి చూస్తే పసుపు రంగు ఇసుక. ఆ ఇసుకలోంచి వేల రాళ్ళు నిలువునా లేచి ఉన్నాయి. కొన్ని మోకాలెత్తు, కొన్ని మనిషికి రెండింతలు. చెట్టు లేదు, చేమ లేదు. సముద్రం వైపు నుంచి గాలి తప్ప చప్పుడు లేదు. అంతకుముందు రెండుసార్లు వచ్చాను నేను, ఫోటోలు తీసుకుని పోయాను. ఆవిడ మాత్రం దిగగానే చెప్పులు విప్పేశారు. ఎవరూ చెప్పలేదు. కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, ఇసుకలో నాలుగడుగులు వేసి ఆగిపోయారు. ఆవిడ వెనకాల నేనూ ఆగాను.

చాలాసేపటికి ఒక రాయి మీద అరచెయ్యి ఆనించి, "ఇది సున్నపురాయేనే అమ్మాయ్!" అన్నారు కూతురితో. "మన కాడయితే ఒక్కదాన్నన్నా నిలవనిచ్చేవోళ్ళమా? పగలగొట్టి బట్టీలో ఏసేవోళ్ళం. నేను పుట్టి బుద్ధెరిగాక సున్నపురాయి ఇట్టా నిలబడి ఉంటదని ఎరగను. ఎవురు నిలబెట్టారమ్మా వీటిని?"

"ఎవరూ నిలబెట్టలేదమ్మా, గాలీ వానా" అంది మా ఆవిడ.

"మరి గాలీ వానా ఎవురంట?" అన్నారావిడ.

అన్నాలు తిన్నాక అమ్మమ్మా మనవరాలూ కనిపించలేదు. వెతుక్కుంటూ వెళితే, ఒక పెద్ద రాయి చాటున కూర్చుని చిన్న రాళ్ళు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. మనవైపు కొండ గుళ్ళకి మెట్ల దారిన పోయేవాళ్ళు ఇలాగే పేరుస్తారు, సొంతిల్లు కావాలని మొక్కుకుని. అప్పటికి మాది అద్దె ఇల్లు. మాకోసమే కాబోలనుకుని ముచ్చటపడ్డాను. అంతలో పార్కు కాపలా చూసే రేంజరమ్మ, టోపీ పెట్టుకుని, అటుగా వచ్చింది. రాళ్ళు ఎక్కడివి అక్కడే ఉండాలని, ఒకరు పేరిస్తే వచ్చినవాళ్ళంతా పేరుస్తారని నవ్వుతూనే చెప్పింది.

"అమ్మమ్మా, పుట్ దెమ్ బ్యాక్ అంట" అంది మా అమ్మాయి.

ఆవిడ మొహం పాలిపోయింది. పై రాయి తీశారు. అది ఉన్నచోట ఇసుకలో పడిన గుంట వెతికి, అందులోనే పెట్టారు. రెండోదీ అలాగే. సాయం చేద్దామని నేనూ మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"మీరు లేవండి బాబూ, బట్టలు మాసిపోతాయి."

"మా ఇంటి కోసమే కదా అత్తయ్యగారూ? పోనీలెండి, ఎప్పుడో కొనుక్కుంటాం."

ఆవిడ తలెత్తి నా మొహంలోకి చూశారు. అలా చూడటం అదే మొదలు.

"మీ ఇల్లు మీరు కొనుక్కుంటారు బాబూ, దానికి నా మొక్కెందుకు? ఆ ఇంట్లో నాకో మూల దొరికితే చాలని పేర్చా. అమ్మాయి దగ్గిర ఉండాలని ఉంది. అడగగూడదుగా, అందుకని రాళ్ళకి చెప్పుకున్నా."

"రాళ్ళకి చెప్పింది నాకు చెప్పలేకపోయారా? టికెట్టు రద్దు చేస్తాను. మీరు ఎక్కడికీ వెళ్ళడం లేదు" అన్నాను, కాస్త కోపంగానే. ఆ కోపం ఎవరి మీదో నాకే తెలీదు. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని, చేతిలో మిగిలిన చివరి రాయిని జాగ్రత్తగా దాని గుంటలో పెట్టారు.

ఆ తర్వాతి వీసా తంటాలు ఇక్కడ రాయను, తలుచుకుంటేనే నాకు బీపీ పెరుగుతుంది. ఇల్లు కొన్నాం. తూర్పు గది ఆవిడది. గోంగూర మడి వేశారు, పక్కింటి ఆస్ట్రేలియా ముసలాయనకి పచ్చడి అలవాటు చేశారు. క్రమంగా నామీద గొంతు కూడా లేచింది. "ఆ లాప్‌టాప్ మూసి అన్నానికి రండి బాబూ, అది మీ ఆకలి తీరుస్తదా ఏంది?" అని కసిరేవారు. ఆ కసురు కోసమే ఒక్కోసారి కావాలని ఆలస్యం చేసేవాణ్ణి. ఇప్పుడు పిలవకముందే వెళ్ళి కూర్చుంటున్నాను. అన్నం దిగడం లేదు.

ఫోనులో వాళ్ళు అలా అడిగినప్పుడల్లా నాకు ఆనాటి సాయంత్రం కనిపిస్తుంది. పొద్దు వాలుతోంది. రాళ్ళ నీడలు దారికి అడ్డంగా పొడుగ్గా పడి ఉన్నాయి. ఇసుక దారిలో కారు నెమ్మదిగా పోతోంది. వెనక సీట్లో ఆవిడ అద్దం దింపి, రెండు చేతులూ జోడించి, ఎదురైన ప్రతి రాయికీ, పేరంటానికి వచ్చి గడప దిగే మనిషిలా చెబుతున్నారు.

"పొద్దుపోయింది తల్లీ, ఇంటికి వెళ్ళొస్తాం. ఇంటికి వెళ్ళొస్తాం."