బెరిల్ చెప్పిన స్కోరు

థార్న్‌క్లఫ్ బస్టాండులో ఏ బస్సు ఎక్కణ్ణుంచి కదులుతుందో మైకులో చెప్పే మనిషి బెరిల్ ఓర్మెరాడ్. నేను అదే డిపోలో డ్రైవర్ని, పేరు నోరిస్. మా ఊళ్ళో ఆవిడ గొంతు తెలియనివాళ్ళు లేరు, మొహం చూసినవాళ్ళే తక్కువ. ఆ గొంతులో ఒక ధీమా ఉండేది. "కొండవైపు బస్సు ఆలస్యంగా వస్తుంది, వెళ్ళి టీ తాగి రండి" అని ఆవిడంటే జనం గొణుక్కోకుండా వెళ్ళి టీ తాగి వచ్చేవాళ్ళు. బెరిల్ చెప్పిందంటే ఇక తిరుగులేదన్నమాట.

శనివారం మధ్యాహ్నాలు ఆ గొంతు ఫుట్‌బాల్ మైదానానికి వెళ్ళేది. మా ఊరి జట్టుని మేం టౌన్ అనే అంటాం. పెద్ద గ్యాలరీ కప్పు కింద పావురాల గూడు లాంటి చెక్క గది ఒకటుండేది. అందులో కూర్చుని ఆటగాళ్ళ పేర్లు, గోల్స్, తప్పిపోయిన పిల్లలు, వేరే ఊళ్ళ స్కోర్లు అన్నీ బెరిలే చెప్పేది. వాళ్ళాయన క్లెమ్ గేటు దగ్గర టిక్కెట్లు చింపేవాడు. సన్నగా, గాలి వీస్తే ఊగేటట్టుండే మనిషి. ఆయనకి టౌన్ అంటే ఎంత పిచ్చంటే, సాయంత్రం మ్యాచ్ ఉందని తన పెళ్ళిని పొద్దున్నే పెట్టించుకున్నాడు. పెళ్ళికూతురు ఆ బట్టలతోనే వచ్చి గోల్ వెనక మెట్ల మీద నించుంది.

ఆ ఏడు టౌన్ ఆట చెడింది. శరదృతువులో గెలవాల్సినవి డ్రా అయ్యాయి, చలికాలంలో డ్రా కావాల్సినవి ఓడిపోయాం. వసంతం వచ్చేసరికి, లీగులో అన్నిటికన్నా కిందిదైన నాలుగో డివిజన్ అట్టడుగున రెండే జట్లు మిగిలాయి. మేమూ, ఈస్ట్‌హోమూ. ఆ ఇద్దరిలో ఒకరు లీగులోంచే బయటికి పోవాలి. మా తాతల కాలం నుంచి టౌన్ లీగులో ఉంది. బయటికి పోతే ఆటగాళ్ళు వారమంతా వేరే పనులు చేసుకుని శనివారం మాత్రం ఆడాలి. పేరు తెలియని ఊళ్ళకి వెళ్ళి, ఆవులు మేసే పొలాల పక్కన ఆడాలి. దాని గురించి పబ్బులో మాట్లాడుకోవడానికి కూడా ఎవరికీ నోరు వచ్చేది కాదు.

ఆఖరి శనివారం మా మైదానం కిక్కిరిసిపోయింది. లెక్క చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఈస్ట్‌హోమ్ వాళ్ళు వేరే ఊళ్ళో ఆడుతున్నారు. వాళ్ళు ఓడితే మాకు డ్రా చాలు, లేకపోతే మేం గెలిచి తీరాలి.

మా స్కోరు ఒకటి–ఒకటి మీద ఆగిపోయింది. ఆట చివరికొస్తోంది. మా కెప్టెన్ రోనీ టాటర్సాల్ గొంతు పోయేలా అరుస్తున్నాడు, అందర్నీ ముందుకి తోస్తున్నాడు. అవతలి గోల్ ముందు మావాళ్ళు ఎనిమిదిమంది మూగి ఉన్నారు. ఏ నిమిషంలోనైనా గోల్ పడేట్టే ఉంది. సరిగ్గా అప్పుడు లౌడ్‌స్పీకర్ గరగరలాడింది.

"అందరూ వినండి. ఈస్ట్‌హోమ్ జట్టు రెండు–ఒకటితో వెనకబడి ఉంది."

ఆ కేక నేను జన్మలో మర్చిపోను. నా పక్కనున్న ముసలాయన టోపీ పైకి విసిరేశాడు, అది మళ్ళీ దొరకలేదు. మైదానంలో టాటర్సాల్ ఒక్క క్షణం ఆగి, చెక్క గదివైపు తలెత్తి చూశాడు. తర్వాత రెండు చేతులూ కిందికి ఊపాడు, నెమ్మది, నెమ్మది అని. ముందుకెళ్ళిన ఎనిమిదిమందీ వెనక్కొచ్చేశారు. బంతిని మూలకి తీసుకుపోయి దానికి అడ్డంగా నించున్నారు. మేం చప్పట్లు కొట్టాం. గోల్ వెయ్యనందుకు చప్పట్లు కొట్టాం!

విజిల్ పడగానే అందరం మైదానంలోకి దూకేశాం. టాటర్సాల్‌ని భుజాలమీదికెత్తారు. ఎవరో గోల్ వల కోసుకుంటున్నారు, ముక్క ఇంట్లో దాచుకోవడానికి. ఎన్నడూ పలకరించుకోని మనుషులు వాటేసుకుంటున్నారు.

చెక్క గదిలో ఏం జరిగిందో తర్వాత బెరిల్ చెబితే తెలిసింది. ఈస్ట్‌హోమ్ ఆడుతున్న చోటి నుంచి ఒక విలేకరి ఆవిడకి ఫోన్లో స్కోర్లు చెబుతున్నాడు. ఎవరి మైదానమో వాళ్ళ అంకె ముందు చెప్పడం రివాజు. ఆ హోరులో అతను "రెండు, ఒకటి!" అని అరిచాడు, లైను కట్టయింది. రివాజు ప్రకారమైతే ఈస్ట్‌హోమ్‌కి ఒకటి. కానీ ఆ గందరగోళంలో అతను ఈస్ట్‌హోమ్ అంకె ముందు చెప్పాడు. మ్యాచ్ అయ్యాక మళ్ళీ ఫోన్ మోగింది.

"బెరిల్, ఏమనాలో తెలియడం లేదమ్మా. పాపం మీవాళ్ళు."

"పాపం ఎందుకూ? మేం బతికిపోయాంగా!"

"ఎలా బతుకుతారు? ఈస్ట్‌హోమ్ గెలిచిందిగా!"

కింద జనం పాడుతున్నారు. కిటికీలోంచి ఆవిడకి అంతా కనబడుతోంది. చేతిలో ఫోన్ అలాగే ఉంది. కళ్ళు మూసుకుని మెట్లు దిగి, వెనక సందులోంచి ఇంటికెళ్ళిపోవచ్చు. ఎలాగూ పావుగంటలో రేడియో చెబుతుంది. కానీ బెరిల్ మైకు దగ్గరికి లాక్కుంది.

"ఈస్ట్‌హోమ్ గెలిచింది. రెండు–ఒకటి. ఇందాక నేను తప్పు చెప్పాను. సరిచూసుకోకుండా చెప్పాను. టౌన్ దిగిపోయింది."

బస్టాండులో చెప్పినంత స్పష్టంగా చెప్పింది. అందుకే మొదట ఎవరికీ అర్థం కాలేదు. పాట మధ్యలో తెగింది. నా ఎదురుగా ఒకడు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు, కొయ్యబొమ్మలా. భుజాలమీదున్న టాటర్సాల్‌ని మెల్లగా కిందికి దించారు. ఆ పెద్ద గుంపులో ఎవడి బూటు కింద గడ్డి నలుగుతోందో వినపడేంత నిశ్శబ్దం. తర్వాత ఎవరో ఏడ్చారు. ఆ ఏడుపు వినగానే కొందరికి ఒళ్ళు మండింది.

"అదెక్కడుంది? కిందికి లాగండి!" అంటూ పదిమంది గ్యాలరీ మెట్లవైపు పరిగెత్తారు. నేనూ పరిగెత్తాను, వాళ్ళని ఆపడానికో, మరెందుకో అప్పుడు నాకే తెలియదు. మెట్ల మొదట్లో క్లెమ్ నించుని ఉన్నాడు, టిక్కెట్లు చింపే కోటులోనే. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"తప్పుకో క్లెమ్. నీతో మాకు గొడవ లేదు."

"నాకుంది. ఈ మెట్టెక్కినవాడితో ఉంది. రా, ఎక్కు."

ఒక్క తోపుకి పడిపోయే మనిషి. కానీ ఒక్కడూ తోయలేదు. ఆయన కళ్ళు చూసి వెనక్కి తగ్గారు.

అంత చేసినవాడు ఇంటికెళ్ళాక పెళ్ళాంతో మాట్లాడలేదు. ఆమె టీ పెట్టింది, ఆయన తాగలేదు. చివరికి కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఇంకోసారి అడగాల్సింది, బెరిల్" అన్నాడట. అంతే. మళ్ళీ నెలల తరబడి ఇంట్లో టౌన్ మాట ఎత్తలేదు. "తిట్టినా బాగుండేది" అనేది ఆవిడ నాతో.

సోమవారం పొద్దున ఆవిడ డ్యూటీకి వచ్చింది. మేమంతా రాదనుకున్నాం. మైకు తీసుకుని, "కొండవైపు బస్సు మూడో గేటు" అంది. క్యూలోంచి ఒకడు అరిచాడు:

"నిజంగా మూడేనా తల్లీ? లేక ఒకటా?"

నవ్వులు. ఇంకొకడు, "ఒరే, ఆవిడ కొండవైపంటే సముద్రంవైపెళ్ళి నించోండ్రా!" అన్నాడు. రోజూ ఇదే వరస. మార్కెట్లో ఒకామె బెరిల్ మొహం మీదే, "మా నాన్న మంచం పట్టి కూడా టౌన్ స్కోరు అడుగుతాడు. ఏం చెప్పమంటావ్?" అంది. డిపో మేనేజరు, పోయిన సామాన్ల గదిలోకి మారతావా అని అడిగాడు. "అక్కడ గొడుగులు నన్నేమీ అనవు గానీ, బస్సులెవరు చెబుతారండీ?" అని ఆవిడ మైకు దగ్గరే ఉండిపోయింది. టౌన్ మైదానానికి మాత్రం వెళ్ళలేదు. ఆవిడ బదులు చెక్క గదిలోకి, పాటల రికార్డులు అమ్మే కొట్టువాడొకడు వచ్చాడు.

వేసవి చివర్లో ఒక పొద్దున నేను పని నేర్పాల్సిన కొత్త డ్రైవర్‌ని క్యాంటీన్‌లోకి తీసుకొచ్చాను. బెరిల్ టీ కప్పుతో ఇటు తిరిగింది. కప్పు జారి నేలమీద ముక్కలైంది. నా పక్కన బస్సు యూనిఫాంలో నించున్నది రోనీ టాటర్సాల్.

లీగులోంచి పోయాక క్లబ్బు ఎవరికీ పూర్తి జీతాలివ్వలేకపోయింది. శనివారాలు టౌన్‌కి ఆడుతూ, మిగతా రోజులు బస్సు నడపడానికి వచ్చాడు. కొత్త టోపీ తలకి సరిపోక చెవుల మీదికి దిగి ఉంది.

బెరిల్ వంగి పెంకులు ఏరడం మొదలెట్టింది. టాటర్సాల్ కూడా వంగాడు.

"చెయ్యి తెగుతుంది, ఉండండి మిసెస్ ఓర్మెరాడ్."

"నిన్నిలా చేశాను, నాయనా."

అతను ఒక పెంకు ఏరి అరచేతిలో పెట్టుకున్నాడు. నేను పక్కకి పోదామనుకున్నాను, పోలేదు.

"నేనొకటి చెప్పనా? చాలా రోజులు మిమ్మల్ని తిట్టుకున్నాను. ఇంట్లో గట్టిగానే తిట్టుకున్నాను. కానీ మీరు స్కోరు చెప్పారు, అంతే. ఆగమన్నది మీరు కాదు. చేతులు కిందికి ఊపింది నేను. ఎనిమిదిమంది గోల్ ముందున్నారు, ఇంకొక్క బంతి లోపలికి వేస్తే అయిపోయేది. మీ మాట వినగానే నాకు సంతోషం వెయ్యలేదు. హమ్మయ్య, ఇక పరిగెత్తక్కర్లేదు అనిపించింది. ఆ మాట నేనెవరికీ చెప్పలేదు."

బెరిల్ లేచి నించుంది. ఆవిడ మొహం చూస్తే ఎవరో చెంపమీద కొట్టినట్టుంది.

"అందరూ నన్ను అంటూంటే విన్నావుగా? ఇన్నాళ్ళూ నోరు మూసుకుని కూర్చున్నావా?"

"కూర్చున్నాను."

"సిగ్గులేదూ?"

"ఉంది కాబట్టే చెబుతున్నా."

"ఆ టోపీ నీకు పెద్దదైంది, వెళ్ళి మార్చుకో" అని విసురుగా వెళ్ళిపోయింది. రెండు వారాలు అతనితో మాట్లాడలేదు. తర్వాత ఒక రోజు అతని పళ్ళెంలో తన బేకన్ ముక్క ఒకటి వేసి కూర్చుంది. దేని గురించి మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నవ్వు మాత్రం వినపడింది.

టాటర్సాల్ పబ్బులో కూడా ఆ మాట చెప్పాడు, గ్లాసు పక్కన పెట్టి, నించుని. కొందరు నమ్మారు, కొందరు అతని మంచితనం అన్నారు. బస్టాండులో వేళాకోళాలు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు.

ఆ చలికాలం టౌన్ ఆవులు మేసే పొలాల పక్కనే ఆడింది, గెలిచింది. మరుసటి వసంతానికి కథ మళ్ళీ ఆఖరి శనివారానికి వచ్చింది. ఈసారి పట్టికలో పైన. మొదటి స్థానంలో ఉన్నవాళ్ళు మాత్రమే లీగులోకి తిరిగి ఎక్కుతారు. మాకూ ఇంకో జట్టుకీ పోటీ.

ఆ శుక్రవారం క్లెమ్ అన్నం బల్ల దగ్గర, ఏడాది తర్వాత మొదటిసారి, "రేపు రా" అన్నాడు. బెరిల్ ఏమీ అనకుండా కోటు తీసి దులిపింది.

గోల్ వెనక మెట్ల మీద మేం ముగ్గురం నించున్నాం. క్లెమ్ ఆ రోజు గేటుకి సెలవు పెట్టాడు. చుట్టూ కొందరు బెరిల్‌ని గుర్తుపట్టి పక్కకి జరిగారు. ఒకామె మాత్రం జరగలేదు, సీసాలోంచి వేడి టీ పోసి ఇచ్చింది. టౌన్ ఒక గోల్ ముందుంది. అప్పుడు లౌడ్‌స్పీకర్ గరగరలాడింది. రికార్డుల కొట్టువాడు, మాతో పోటీలో ఉన్న జట్టు వేరే ఊళ్ళో ఓడిపోతోందని చెప్పాడు.

ఒక్కడూ అరవలేదు. ఒక్క టోపీ లేవలేదు. ఆ మెట్ల మీదున్న తలలన్నీ మెల్లగా బెరిల్ వైపు తిరిగాయి. ఆవిడ బిత్తరపోయింది.

"నన్నెందుకు చూస్తారయ్యా? బంతిని చూడండి!"

అటు మైదానంలో టాటర్సాల్ కూడా లౌడ్‌స్పీకర్ మాట విన్నట్టే ఉన్నాడు. రెండు చేతులూ ముందుకి ఊపాడు. పదండి, పదండి అని బూతులు తిడుతూ తరిమాడు. ఆఖర్న మూడు గోల్స్‌తో గెలిచాం. ఆ వేరే ఊరి స్కోరు నిజమేనని తేలాక కూడా జనం కాసేపు నమ్మలేక అలాగే నించున్నారు. క్లెమ్ గోడకి ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. బెరిల్ ఆయన టోపీ సరిచేసి, "ముక్కు తుడుచుకో" అంది.

క్లబ్బు వాళ్ళు ఆవిడని మళ్ళీ చెక్క గదికి రమ్మన్నారు. వెళ్ళలేదు. "మెట్ల మీద బాగానే కనపడుతోంది" అంది.

కొన్నేళ్ళకి టౌన్ మళ్ళీ దిగిపోయింది. ఈసారి ఎవరి తప్పూ లేదు, ఆట రాలేదు, అంతే. ఆ వారం బెరిల్, క్లెమ్ సముద్రం ఒడ్డున సెలవులో ఉన్నారు. తిరిగొచ్చాక బస్టాండులో అడిగాను, ఆ కబురు విన్నప్పుడు ఎలా ఉందని.

"వేయించిన చేప తింటున్నాను నోరిస్. ఆ కొట్టు రేడియోలో విన్నాను. తినలేకపోయాను. నిర్ఘాంతపోయాననుకో. తప్పు నాది కానప్పుడు ఇంత బాధ ఉండదనుకున్నాను. ఇసుమంత కూడా తగ్గలేదయ్యా."

నేనేదో అనబోయాను. ఆవిడ చెయ్యెత్తి నన్నాపి, బయట గేటులోకి వస్తున్న బస్సు నంబరు కిటికీలోంచి తొంగి చూసుకుని, మైకు దగ్గరికి లాక్కుంది.