ముడులు కత్తిరించిన రోజు

వంటగది మార్పిద్దామని మూడేళ్లు పోరాను. కొత్తపేటలో మేం ఫ్లాట్ కొన్ననాటి వంకాయ రంగు అరలు, జిడ్డు వదలని గోడ పలకలు చూస్తే నాకు ఒళ్లు మండేది. పగలగొడితే ఇల్లంతా దుమ్ము, అమ్మకు దగ్గు అంటూ మా ఆయన ఒప్పుకోలేదు. సరే, ఒక్క పలక కూడా పగలకుండా కొత్త వంటగది చేసి చూపిస్తానని నడుం బిగించాను.

అత్తయ్యది పోచంపల్లి దగ్గర ఊరు. చీరలో ఎక్కడ రంగు అంటకూడదో అక్కడ నూలుకు ముడులు బిగించడం ఆమె పని. ఆ పని వదిలి మా దగ్గరికి వచ్చాక, ఆమెకంటూ మిగిలింది వంటగది ఒక్కటే. పొద్దున టీ, మధ్యాహ్నం పప్పు ఆమె చేతుల మీదే జరగాలి. గుంటూరు దాన్ని కదా, కారం దగ్గర నా చేతిని అసలు నమ్మేది కాదు.

ఆమె సైదాబాద్‌లో కూతురింటికి వెళ్లిన నాలుగు రోజుల్లో పని కానిచ్చాను. దిల్‌సుఖ్‌నగర్‌లో తిరిగి అరల తలుపులకు అంటించే తెల్ల షీట్లు, కొత్త పిడులు, అన్నీ ఒకే సైజు గాజు సీసాలు తెచ్చాను. వెలుతురుంటుందని పొయ్యిని కిటికీ పక్కకు జరిపాను. పాత స్టీలు డబ్బాల మెడలకు జిడ్డోడుతున్న నూలు దారాలు కట్టి ఉన్నాయి, ముడులు ముడులుగా. ఈవిడకు ఇంకా పాత అలవాటు పోలేదని నవ్వుకుని, పరపరా కత్తిరించేశాను. డబ్బాలు పాత సామాన్ల బండికి వేశాను. సీసాల మీద పేర్లు ముచ్చటగా రాసి అంటించాను.

తిరిగొచ్చాక ఆమె గట్టు పొడవునా చేత్తో తడిమింది. నునుపు చూసి మురిసిపోతోందనుకున్నాను.

"మంచిగ చేసినవ్ బిడ్డా," అంది.

వారం తిరక్కుండా మా అమ్మావాళ్లు వచ్చిన రోజు టీలో ఉప్పు వేసింది. నాకు తల కొట్టేసినట్టయింది. నోరు అదుపులో పెట్టుకోలేకపోయాను.

"అంతంత అక్షరాలు రాసి పెట్టాను కదా అత్తయ్యా! చదువుకోడానికి ఏం?"

"మర్చిన బిడ్డా," అని గోడ పట్టుకుని బయటికి వెళ్లింది. ఆ తర్వాత వంటగదిలోకి రావడం తగ్గించింది. అలిగిందనుకున్నాను. నిజం చెప్పాలంటే, నాకు కాస్త హాయిగానే అనిపించింది.

ఒకరోజు నేను మంచినీళ్లు అందిస్తే, ఆమె చేయి గ్లాసు పక్కన గాలిలో వెతికింది. ఆ రోజే కంటి దవాఖానకు తీసుకెళ్లాం. చూపు ఏళ్లుగా పోతూ వచ్చిందని, ఇప్పుడు వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియదని, పోయింది ఇక రాదని డాక్టరు చెప్పాడు. మొన్నటిదాకా వంట ఆమే చేసేదని మేం అంటే ఆశ్చర్యంగా ఆమె వైపు తిరిగాడు.

"ఇన్నాళ్లు వంట ఎట్ల చేసినవమ్మా?"

"ముడులుండె గద సారూ. ఉప్పుకొకటి, చక్కెరకు రెండు, కారానికి మూడు."

నాకు కత్తెర చప్పుడు మళ్లీ వినిపించింది. ఆటోలో ఆమె చేయి పట్టుకుని ఏడ్చేశాను.

"ముందే ఎందుకు చెప్పలేదత్తయ్యా?"

"చెప్తే పొయ్యికాడికి రానిస్తరా?" అంది మెల్లగా.

ఇంటికి రాగానే నూలు ఉండ వెతికి సీసాల మెడలకు ముడులు వేశాను. ఆమెను చేయి పట్టుకుని వంటగదిలోకి తీసుకెళ్లి ఒక సీసా అందించాను. వేళ్లతో తడిమింది.

"మూడు. కారం," అంది. ఎన్నాళ్లకో ఆ ముఖంలో నవ్వు. అంతలోనే, "గిది ముడేనా? వదులుంది," అంటూ నా ముడి విప్పి, తనే గోటితో నొక్కి బిగించి కట్టింది. సీసా తిరిగి నా చేతిలో పెట్టింది.

"ఇగ నువ్వే వండు బిడ్డా. పొయ్యి యాడున్నదో నాకు అందుతలేదు."

ఆ సాయంత్రమే పొయ్యిని పాత చోటికి జరిపాను. జరిపానని ఆమెకు రెండుసార్లు చెప్పాను. మర్నాడు టీ వేళకు మెలకువ వచ్చినా లేవకుండా, గిన్నె చప్పుడు కోసం చెవులు రిక్కించి పడుకున్నాను. ఎంతసేపటికీ ఆ చప్పుడు వినిపించలేదు. లేచి నేనే టీ పెట్టాను.