ఎక్కడ చాలో తెలిసిన చెయ్యి

విజయనగరంలో మేముంటున్న ఇంటి పై వాటాలో నాలుగు రోజులుగా వడ్రంగి పని జరుగుతోంది. రంపం చప్పుడు, సుత్తి చప్పుడు నన్నేమీ చేయవు. మధ్యాహ్నం పూట ఆ మనిషి ఉప్పుకాగితం తీసుకుని తలుపు చెక్కను రుద్దడం మొదలుపెడితే మాత్రం దిద్దుతున్న పేపర్లు పక్కన పెట్టి లేచిపోతాను. ఆ సన్నని గరగర వింటే నా వేళ్ళ కొసలు ఇప్పటికీ చురుక్కుమంటాయి. ఒకప్పుడు అలాంటి కాగితంతోనే, నేనెంతో ఇష్టపడిన ఒక మనిషి ప్రాణంగా చూసుకున్నదాన్ని చెరిపేశాను. ఆవిడ పేరు ఎస్తేరమ్మ.

లెక్కల టీచరుగా నా మొదటి పోస్టింగు భావనపాడు దగ్గరి హైస్కూల్లో. నౌపడలో రైలు దిగి, ఉప్పు మడుల పక్కనుంచి ఆటోలో వెళ్ళి అద్దె గది కోసం వెతుకుతుంటే ఎవరో ఎస్తేరమ్మగారి ఇల్లు చూపించారు. మిషన్ బడిలో డ్రాయింగు టీచరుగా చేసి రిటైరయిన మనిషి. ఒంటరిగా ఉండేవారు. వసారా నిండా చెక్క బొమ్మలు. బొమ్మలందామంటే వాటికి కళ్ళూ లేవు, కాళ్ళూ లేవు. ఒకటి విల్లులా వంగింది, ఒకటి దోసిలిలా తెరుచుకుంది, ఇంకొకటి నిలువుగా లేచి నడుమ దగ్గర మెలితిరిగింది. చాలావాటి అంచుల వెంట వరసగా కన్నాలు. మేకులు లేకుండా పలకల్ని కొబ్బరిపీచు తాడుతో కుట్టి పడవలు కట్టిన రోజుల నాటి చెక్కలవి. ఫైబరు పడవలు వచ్చాక ఒడ్డున పడి ఎండిపోతున్నవాటిని ఆవిడ ఒక్కొక్కటిగా ఇంటికి చేర్చుకుని, బాడిసతో పెచ్చు పెచ్చుగా చెక్కేవారు.

పక్కింటి అప్పన్న చేపల వేట నుంచి తిరిగొస్తూ గుమ్మం దగ్గర ఆగి రోజూ ఒకే ప్రశ్న వేసేవాడు.

“టీచరమ్మా, ఇది ఏటి? సేపా, పిట్టా?”

“నాకూ తెల్దురా అప్పన్నా,” అనేవారావిడ బాడిస ఆపకుండా. “తెలిసిపోతే ఇంక సెక్కడమెందుకు?”

ఆ జవాబు అప్పన్నకు సరిపోయిందేమో గాని నాకు సరిపోలేదు. ఒక సాయంత్రం టీ తాగుతూ, “పడవే చెయ్యొచ్చు కదండీ,” అన్నాను. ఆవిడ వాళ్ళ నాన్న సంగతి చెప్పుకొచ్చారు. ఆయన పడవలు కట్టే వడ్రంగి.

“మా నాన్న కొలబద్ద ముట్టేవోడు కాడు, పాపా. పలక మీద అరసెయ్యేసి ‘ఇక్కడ సాలు’ అనేవోడు. అక్కడితో ఆపీసేవోడు. ఆ పడవ అల కొడితే ఒంగేది గాని ఇరిగేది కాదు. ఎక్కడ సాలో ఆయనకెలా తెలిసేదో నాకు సెప్పనేదు. ఆడపిల్లవి, బాడిస ముట్టకన్నాడు. అదే ఇప్పుడు ఎతుకుతన్నాను.”

నాకు ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. మర్నాడు గ్రాఫు కాగితం, దారం పట్టుకుని విల్లులాంటి చెక్క ఒంపును కొలిచాను. పరావలయం అవుతుందని నా ఆశ. ఎడమ సగం ఒక సూత్రానికి లొంగినట్టే లొంగి, కుడి సగం తన దారిన తాను పోయింది. ఆవిడ నా భుజం మీదుగా చూసి, “దొరికితే నాకూ సెప్పు,” అన్నారు. అందులో ఎగతాళి లేదు. నిజంగానే తెలుసుకోవాలని ఉంది ఆవిడకు.

వసారా మూలన మనిషి ఎత్తున ఒక చెక్క ఉండేది. వాళ్ళ నాన్న కట్టిన ఆఖరి పడవ ముక్కు అది. దాని మీద ఆవిడ ఏడాదిగా పని చేస్తున్నారు. ఇంతలో కంట్లో పొర తీయించుకోవడానికి శ్రీకాకుళంలోని చెల్లెలి ఇంటికి వెళ్ళి పదిరోజులు ఉండిపోవాల్సి వచ్చింది. తిరిగొచ్చేసరికి ఆ చెక్కను నిగనిగలాడించి ఆవిడ్ని సంతోషపెట్టాలనుకున్నాను. టెక్కలి నుంచి ఉప్పుకాగితం, వార్నిషు తెచ్చి, రోజూ బడి వదిలాక ముందూ వెనకా కూడా రుద్దాను. అప్పన్న చూసి, “టీచరమ్మకి సెప్పినావా?” అనడిగాడు. చెప్పకుండా చేస్తేనే కదా సంతోషం అన్నాను. అతను తల గోక్కుని వెళ్ళిపోయాడు.

ఎస్తేరమ్మగారు నల్లకళ్ళద్దాలతో ఆటో దిగారు. వసారాలోకి వచ్చి, అలవాటుగా ఆ చెక్క వెనక్కి చెయ్యి పోనిచ్చారు. చెయ్యి పైకీ కిందకీ రెండుసార్లు తిరిగింది.

“మా నాన్న దెబ్బలేవి?” అన్నారు.

వెనకవైపు ఆవిడ ఒక్క దెబ్బ కూడా వేయలేదు. అక్కడున్న గాట్లన్నీ ఆయన బాడిసవి. ఆయన ఎక్కడెక్కడ ఆగాడో వాటిని తడిమి తెలుసుకుంటూ ముందువైపు చెక్కుతున్నారు. ఆ సంగతి నాకప్పుడు తెలిసింది.

“అడగొచ్చు కదా, పాపా,” అని మాత్రం అని లోపలికి వెళ్ళిపోయారు.

మూడోరోజు ఆదివారం. ఆవిడ చర్చి నుంచి వచ్చేసరికి నేను బట్టలు సర్దుకుని గుమ్మంలో ఉన్నాను.

“ఎక్కడికి?”

“మీ మొహం చూడలేకపోతున్నానండి.”

“నువ్వు పోతే ఆ దెబ్బలొస్తాయేటి? కూకో.” లోపల్నుంచి బాడిస తెచ్చి నా చేతిలో పెట్టారు. “డాట్రు నన్ను వొంగొద్దన్నాడు. ఎనకేపు నువ్వు సెక్కు. నీ సేతికి ఎక్కడ సాలో సూద్దుము.”

రెండు నెలలు చెక్కాను. మొదటి వారం అరచేతులు బొబ్బలెక్కాయి. ఎక్కువ లేపేస్తానన్న భయంతో ఒక్కోరోజు నాలుగు పెచ్చులు కూడా రాలేవి కావు. ఆవిడ కుర్చీలో కూర్చుని చూసేవారు, ఏమీ నేర్పేవారు కాదు. ఒక సాయంత్రం నడుమ ఒంపు మీద చెయ్యి వేసి ఆగిపోయాను. “చాలాండీ?” అన్నాను.

“నన్నడుగుతావేటి? ఇంకొక్క దెబ్బేస్తే ఏటవుతాది?”

“పాడవుతుందండి.”

“ఎలా తెలిసింది?”

ఆ ఒంపునే మళ్ళీ తడిమాను. ఆవిడ లేచి వచ్చి నా చెయ్యి పక్కన తన చెయ్యి ఆనించారు. “మా నాన్నది పోయింది. ఇది వొచ్చింది. రెండూ నిజవే,” అన్నారు. ఆవిడ బాధ అంతటితో తీరిపోయిందని ఇప్పటికీ అనుకోను. కాని ఆ రోజు నుంచి వెనకవైపును తడిమినప్పుడల్లా అక్కడ నేనెందుకు ఆగానో, ఇక్కడెందుకు తొందరపడ్డానో అడిగేవారు. నేను చెప్పింది శ్రద్ధగా వినేవారు.

బదిలీ అయ్యాక రెండుసార్లు వెళ్ళి చూశాను. మూడోసారి వెళ్ళేసరికి ఆవిడ లేరు. చెల్లెలు ఆ చెక్కలన్నిటినీ మిషన్ బడి వరండాలో పెట్టించారు. పిల్లలు క్లాసులకు పోతూ వాటిని నిమురుతూ పోతున్నారు. “ముట్టుకోవద్దు” అన్న కాగితం ఎవరూ అంటించలేదు. ఆవిడ ఉంటే అంటించనిచ్చేవారు కాదు.

ఒకప్పుడు పేపర్లు దిద్దుతూ నేనూ తప్పనుకున్న చోట అడ్డగీత కొట్టి సరైనది రాసేసేదాన్ని. భావనపాడు నుంచి వచ్చాక ఎప్పుడూ అలా చేయలేదు. మొన్న తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి, నేను చెప్పని దారిలో ఒక లెక్క చేసుకొచ్చింది. జవాబు సరిగ్గానే వచ్చింది. నడుమ రెండు మెట్లు నాకు అర్థం కాలేదు. ఎర్రపెన్ను పక్కన పెట్టి, “ఇక్కడికి ఎలా వచ్చావో చెప్పు,” అన్నాను. ఆ పిల్ల బోర్డు మీద పావుగంట చెప్పింది. ఆ దారి ప్రతి లెక్కకూ నిలుస్తుందో, ఈ ఒక్కదానికే కుదిరిందో ఇంకా తేలలేదు. ఆ కాగితం నా సంచిలో ఉంది. రోజుకోసారి తీసి చూస్తున్నాను.