నామాల్ అనే ఊరు లేదు

కరోనా తర్వాత బళ్లు మళ్లీ మామూలుగా తిరగడం మొదలైన ఏడాది నన్ను ఖరగ్‌పూర్ స్టేషన్లో రెండో తరగతి ఆడవాళ్ల వెయిటింగ్ హాలుకి అటెండెంటుగా వేశారు. అంతకుముందు ఇరవై ఏళ్లు వర్క్‌షాపులో ఖలాసీ హెల్పరుగా పనిచేశాను. మా ఆయన పోయాక కారుణ్య నియామకం కింద వచ్చిన ఉద్యోగం అది. భర్త పోయిన ఆడవాళ్లకు అప్పట్లో చదువు విషయంలో సడలింపు ఉండేది కాబట్టి వేలిముద్రతోనే చేరాను. మోకాళ్లు అరిగిపోయాక రైల్వే డాక్టరు బరువులు ఎత్తకూడదని రాశాడు. వెయిటింగ్ హాలు నాకు అలా వచ్చింది.

అటెండెంటు పని గురించి కొంచెం చెప్పాలి. హాలు శుభ్రంగా ఉంచాలి. టికెట్టు లేనివాళ్లను, మగవాళ్లను లోపలికి రానివ్వకూడదు. రిజిస్టరు నింపించాలి. అందులో పేరు, టికెట్టు నంబరు, వెళ్లే ఊరు, వచ్చిన టైము, పోయిన టైము అని గడులుంటాయి. వాటిని ప్యాసింజర్లే రాస్తారు. చివర ఉండే రిమార్కుల గడి మాత్రం అటెండెంటుది. ఏదైనా తేడా కనిపిస్తే అందులో రాసి, షిఫ్టు మారేలోగా రైల్వే భద్రతా దళం పోస్టులో చూపించాలి. ఆర్పీఎఫ్ అంటాం. మొదటి ఏడాది నేను ఆ గడిని ఖాళీగానే వదిలాను. రాయడం రాదు కదా.

ఆ ఏడాదే ఒక పిల్ల కనపడకుండా పోయింది. మేనమామనని చెప్పుకున్న ఒకడు ఆమెను నా హాల్లో మూడు గంటలు కూర్చోబెట్టి, తర్వాత ఏదో బండి ఎక్కించాడు. వారం గడిచాక పోలీసులు వచ్చి రిజిస్టరు తిప్పారు. వాడు రాసిన పేరూ అబద్ధం, ఊరూ అబద్ధం. రాస్తున్నప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు కదా అని నన్ను అడిగారు. ఉన్నాను. కళ్లారా చూశాను. నాకు గీతలు మాత్రమే కనిపించాయి.

ఆ నెలలోనే, ట్రాఫిక్ అని పిలిచే మా రైల్వే కాలనీలో మా క్వార్టరుకి రెండు వరసల అవతల ఉండే రిటైర్డ్ తెలుగు టీచరమ్మ దగ్గర అక్షరాలు మొదలుపెట్టాను. అప్పటికి నాకు యాభై ఏడేళ్లు. ఏడాది తిరిగేసరికి తెలుగు రాయడం వచ్చింది. ఇంగ్లీషు పెద్దక్షరాల్లో స్టేషన్ల పేర్లు చదవడం వచ్చింది. రిమార్కులు తెలుగులో రాయవచ్చా అని మా సూపర్‌వైజరును అడిగితే, పోస్టులో తెలుగు కానిస్టేబుళ్లున్నారు, ఏ భాషైనా రాయి, గడి ఖాళీగా మాత్రం ఉంచకు అన్నాడు.

ఆ వేసవిలో మాకు ఒక రోజు ట్రైనింగు ఇచ్చారు. మనుషుల్ని మోసం చేసి తరలించే వాళ్లను గుర్తుపట్టడం ఎలాగో చెప్పారు. టికెట్లన్నీ ఒకడి దగ్గరే ఉంటాయి. ఆధార్ కార్డులన్నీ ఒకడి దగ్గరే ఉంటాయి. ఎక్కడికి వెళ్తున్నారంటే సరిగా చెప్పలేరు, లేదా అందరూ ఒకే మాట చెబుతారు. మోసం జరుగుతోందా అంటే లేదంటారు, ఎందుకంటే అలా అనమని ముందే నేర్పి ఉంటారు. ఈ గుర్తులన్నీ నాకు కంఠతా వచ్చాయి. అప్పటినుంచి హాల్లోకి వచ్చిన ప్రతి మనిషినీ ఆ గుర్తులతోనే చూసేదాన్ని.

వరినాట్ల కాలం. ఒక రోజు పొద్దున ఝాడ్‌గ్రామ్ వైపు నుంచి వచ్చిన లోకల్లో పదకొండు మంది ఆడవాళ్లు దిగి హాల్లోకి వచ్చారు. వెంట వచ్చిన నలభై ఏళ్ల మనిషి గుమ్మం దగ్గర ఆగాడు. పేరు శ్రీపతి అన్నాడు. ఆడవాళ్లకు రాయడం రాదని, గుమ్మంలోనే నిలబడి రిజిస్టరు అందుకుని పదకొండు పేర్లూ తనే రాశాడు. హౌరాకు వెళ్లే టికెట్లు అతని జేబులో ఉన్నాయి. కార్డులన్నీ ఒక పాలిథిన్ సంచిలో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. హౌరా బండికి ఇంకా గంటన్నర ఉంది.

నేను వాళ్లలో పెద్దామె పక్కన కూర్చున్నాను. ఆమె పేరు ఫూల్‌మణి. ప్రతి మూటలోనూ ఒక చిన్న గిన్నె, మడతపెట్టిన పాలిథిన్ షీటు ఉన్నాయి. ప్లాట్‌ఫారాల మీద పడుకోవడానికి కాబోలనుకున్నాను. హౌరా నుంచి ఎక్కడికి వెళ్తారని బెంగాలీలో అడిగాను.

"నామాల్" అంది.

ఖరగ్‌పూర్ నుంచి హౌరా దాకా, అక్కణ్ణుంచి బర్ధమాన్ దాకా ప్రతి స్టేషను పేరూ అప్పటికి నాకు తెలుసు. నామాల్ అనే ఊరు లేదు. అది ఎక్కడుందని అడిగితే చెయ్యి తూర్పుకి ఊపి, దిగువన అంది. రెండో ఆమెను అడిగాను. నామాల్ అంది. అందరికన్నా చిన్నగా కనిపించిన పిల్లను అడిగాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వి, తనూ అదే మాట అంది.

మా పెద్దలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. నేను పుట్టిందీ పెరిగిందీ ఖరగ్‌పూర్‌లోనే. బజారు బెంగాలీ బాగా వచ్చు. అయినా ఆ మాట ఎప్పుడూ వినలేదు. తెలియని మాట వింటే చెవి తెలిసిన మాటనే వెతుక్కుంటుంది. నామాలు పెట్టడమంటే ఏమిటో మనలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఎవడో వీళ్లతో ఆడుకోవడానికే ఆ పేరు చెప్పి పంపుతున్నాడనిపించింది.

పెన్ను తీసి రిమార్కుల గడిలో రాశాను. నా జీవితంలో రాసిన మొదటి రిపోర్టు అది. "పదకొండు మంది. టికెట్లు ఒకడి దగ్గర. కార్డులు ఒకడి దగ్గర. ఎక్కడికంటే నామాలు అంటున్నారు." తెలుగు మాట అచ్చుతో ముగియాలని టీచరమ్మ చెప్పింది కాబట్టి, ఆమె అన్న నామాల్‌కి చివర ఒక కొమ్ము ఇచ్చాను.

పోస్టులో డ్యూటీలో ఉన్నది అప్పలరాజు. మా ట్రాఫిక్ కుర్రాడే, నన్ను పిన్నీ అంటాడు. రిజిస్టరు చూసి ముందు ముచ్చటపడ్డాడు.

"నువ్వే రాసినావేటి పిన్నీ? అచ్చరాలు గారెల్లాగున్నాయి."

"గారెల్లాగుంటే తర్వాత తిందువుగాని. ముందు సదువు. ఆడోళ్లని ఎవుడో అట్టుకుపోతన్నాడురా."

చదివాక అతని ముఖం మారింది. "నామాలంటన్నారా? ఆళ్లే అంటన్నారా?"

"ఆళ్ల నోటితోనే అన్నారు. నాను ఇన్నాను."

అతను సబ్ ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్లి హిందీలో చెప్పాడు. తమకు ధోకా జరుగుతోందని ఆడవాళ్లే అంటున్నారు సార్ అని. ఆ మాట నేను విన్నాను. ఫూల్‌మణి నామాల్ అంటే, అది నా చేతిలో నామాలైంది, అప్పలరాజు నోట్లో ధోకా అయింది. ఆ పూట నాకు అందులో తప్పేమీ కనిపించలేదు.

ఆడవాళ్లే ఫిర్యాదు చేశారంటే ఆఫీసరు ఊరుకోవడానికి వీల్లేదు. శ్రీపతిని వేరే గదిలో కూర్చోబెట్టారు. ఒక లేడీ కానిస్టేబులు వచ్చి ఒక్కొక్కరి దగ్గర వివరం రాసుకోవాలి. ఊరి పంచాయతీతో మాట్లాడి రూఢి చేసుకోవాలి. ఫోను చేస్తే పంచాయతీ మెంబరు ఎత్తలేదు.

ఫూల్‌మణి నా చెయ్యి పట్టుకుంది. "దీదీ, ధోకా అని మేమెప్పుడన్నాం?" అని అడిగింది. సాయంత్రంలోగా చేరకపోతే తమకు పని ఇచ్చే గృహస్థు వేరే కూలీల దళాన్ని దించుకుంటాడని, నారు ముదిరిపోతోందని, అది తమకోసం ఆగదని చెప్పింది. నేను ఆమె ముఖంలోకి చూశాను. బాగా నేర్పారు అనుకున్నాను. లేదన్నది ఒక గుర్తు అని ట్రైనింగులో చెప్పారు కదా. ఆమె ఎంత గట్టిగా లేదంటే నా అనుమానం అంత గట్టిపడింది. ఆ చిన్న పిల్ల వయసు అడిగితే పంతొమ్మిది అంది. అదీ నమ్మలేదు. కార్డు చూశాక కూడా కార్డునే అనుమానించాను. హౌరా బండి వెళ్లిపోయింది. తర్వాతిదీ వెళ్లిపోయింది.

సాయంత్రం షిఫ్టుకి బాఁకుడా జిల్లాకు చెందిన హెడ్ కానిస్టేబులు ఒకాయన వచ్చాడు. కాగితాలు చదివి, ఫూల్‌మణితో వాళ్ల యాసలో రెండు మాటలు మాట్లాడి, నుదురు కొట్టుకున్నాడు.

"అరే దాదా, వీళ్లు నామాల్ ఖాటడానికి వెళ్తున్నారు! మా అమ్మ కూడా వెళ్లింది."

నామాల్ అంటే దిగువ భూమి, ఖాటడమంటే కూలి చేయడం. ఎగువ మెట్ట ఊళ్లలో వానను నమ్ముకుని ఒక్క పంటే పండుతుంది. తమ చేలల్లో విత్తనం చల్లేసి, కాలువ నీళ్లున్న దిగువకు నాట్లకు వెళ్లి, మూడు వారాల్లో తిరిగి వచ్చి కలుపు తీసుకుంటారు. ఏటా శ్రీపతి వెంట అదే దళం, అదే గృహస్థు. కూలితో పాటు బియ్యం ఇస్తాడు. సొంత పంట ఇంటికి వచ్చేదాకా ఆ బియ్యంతోనే రోజులు గడుస్తాయి. మూటల్లో పాలిథిన్ షీట్లు వానలో వంగి నాట్లు వేసేటప్పుడు వీపుకి కప్పుకోవడానికి. కార్డులు ఒకడి దగ్గర ఉంచేది తడిసిపోకుండా.

శ్రీపతికి సంచి తిరిగి ఇచ్చారు. అతను కార్డులు ఒక్కొక్కటే తీసి పేరు పిలిచి ఇచ్చేశాడు. తర్వాత గృహస్థుకి ఫోను చేశాడు. మధ్యాహ్నమే ఇంకో దళం దిగిందని ఆయన చెప్పాడు. పదకొండు మందీ వెనక్కి వెళ్లే లోకల్ ఎక్కారు. నేను రిజిస్టరు తీసుకుని హాలుకి వచ్చేశాను. అప్పలరాజు నా దగ్గరికి వచ్చి, "పోన్లే పిన్నీ, మంచికే సేసినావు, నిజంగా ఎవుడైనా అయ్యుంటే?" అన్నాడు. నేనూ ఆ రోజుకి అలాగే సర్దుకున్నాను.

ఫాల్గుణంలో ఫూల్‌మణి మళ్లీ నా హాల్లోకి వచ్చింది. వెంట ఆ దళంలోని ఆరుగురు ఉన్నారు. ఈసారి వాళ్లను తీసుకెళ్తున్నది ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడలో ఐడీ కార్డు తగిలించుకున్న మనిషి. టైపు చేసిన లిస్టు ఉంది. కోయంబత్తూరు దగ్గర ఒక నూలు మిల్లు ఇచ్చిన కాగితం ఉంది. ఎవరి టికెట్టు వాళ్ల చేతిలో, ఎవరి కార్డు వాళ్ల చేతిలో ఉన్నాయి. ట్రైనింగులో చెప్పిన గుర్తు ఒక్కటి కూడా లేదు.

ఫూల్‌మణి నన్ను గుర్తుపట్టింది. "రాసుకో దీదీ" అంది. "ఈసారి ఊరికి పేరుంది."

కోపంగా అనలేదు. పక్కనున్న వాళ్లు నవ్వారు కూడా. చేనెవరు చూస్తారని అడిగాను. ఎవరూ చూడరు, బీడు పెట్టామంది. ఆ శ్రావణంలో బియ్యం రాకపోయేసరికి అప్పు తెచ్చుకు తిన్నారు, కార్తీకంలో కోసిన పంట ఆ అప్పుకే పోయింది, విత్తనానికి దాచాల్సిన గింజలు కూడా తినేశారు. శ్రీపతిని పోలీసులు పట్టుకున్నారన్న కబురు ఊరికి ముందే చేరింది. ఆడపిల్లల్ని అమ్ముతాడట అన్నారు. ఇక ఎవరూ అతని వెంట దళం పంపలేదు. గృహస్థు దగ్గర వాళ్ల చోటు ఆ రోజు దిగిన దళానిదైపోయింది.

మళ్లీ ఎప్పుడు వస్తారన్నాను. మూడేళ్ల కాగితం మీద వేలిముద్ర వేశామంది.

ఊళ్లో ఉండడానికి ఏం కావాలని అడిగాను. ఆమెకు నవ్వొచ్చింది. వలస వెళ్లొద్దని సాహెబులు మీటింగు పెట్టి కుట్టు మిషన్లిచ్చారట. "పదహారు ఇళ్ల ఊళ్లో పన్నెండు మిషన్లు, దీదీ. ఒకరి జాకెట్టు ఇంకొకరు కుట్టుకుని ఏం తింటాం?" అంది. చేలకు ఒక బోరు ఉంటే రెండో పంట వస్తుంది, అప్పుడు ఎవరూ కదలరంది. అది లేనప్పుడు ఆ మూడు వారాలైనా వెళ్లి రానివ్వాలంది. ఏటా దిగువకు వెళ్లి వస్తుండబట్టే తామింతకాలం రైతులుగా ఉన్నామంది.

దక్షిణం బండి సరైన టైముకే వచ్చింది. మిల్లు మనిషి వాళ్ల సామాన్లు తనే అందించి ఎక్కించాడు. ఆ మర్యాద నాకు నచ్చలేదు. అయినా రిపోర్టు చేయడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. రిమార్కుల గడిలో "మూడేళ్లు" అని మాత్రం రాశాను. దాన్ని ఎవరూ చదవలేదనుకుంటాను.

ఆ తర్వాత ఏడాదిన్నరకు రిటైరయ్యాను. ఇప్పుడు ఈ ఊళ్లోనే తాల్‌బగీచాలో ఉంటున్నాను. నా చోటికి వచ్చిన అమ్మాయి బీఏ చదివింది. తాళాలు అప్పగించిన రోజు ఆమెకు ఒక పని చెప్పాను. ఎక్కడికి వెళ్తున్నారన్న గడి రిజిస్టరులో ఉంది, ఎప్పుడు తిరిగి వస్తారన్న గడి లేదు, దాన్ని నోటితో అడుగు అన్నాను. పంట పేరో నెల పేరో చెప్పినవాళ్లకు చేను ఇంకా చేతిలో ఉన్నట్టు. ఏళ్లు చెప్పినవాళ్ల కాగితాలు ఎంత సరిగా ఉన్నా ఇంకోసారి చూడమన్నాను.

అనుమానించడం ఆ ఉద్యోగంలో భాగం. అందుకు నేను బాధపడను. నామాల్ అన్న మాటకు అర్థం ఏమిటని ఫూల్‌మణినే అడగకుండా, నాకు తెలిసిన అర్థంతో రాసి కింద సంతకం పెట్టడం నా తప్పు. దాని మూలంగా ఏడు ఇళ్లవాళ్లు సాగు వదిలారు.