వన్ బై టూ చాయ్ మీద మా శ్రావ్య పరిశోధన

గత టర్మ్‌లో మా అమ్మాయి శ్రావ్య బడికి తీసుకెళ్లిన సైన్స్ మోడల్ నేను చేసింది. అట్టలు కోసింది నేనే, బల్బు బిగించింది నేనే, రంగులు వేసిందీ నేనే. ఐదో తరగతి పిల్ల పక్కన నిలబడి జిగురు డబ్బా అందించింది. టీచర్ ఒక్క ప్రశ్న అడిగేసరికి తెల్లమొహం వేసి, "అది మా డాడీ చేసిండు మేడమ్" అనేసిందట. క్లాసంతా నవ్వింది. ఇంటికొచ్చి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అందుకే, శాస్త్రవేత్తలు ఎన్ని రకాలుగా పరిశోధిస్తారో సొంతంగా చేసి సోమవారం క్లాసులో చెప్పమని టీచర్ ఈసారి అడిగినప్పుడు, శ్రావ్య నాకు గట్టి షరతు పెట్టింది. వెంట రావచ్చు, టికెట్లు కొనవచ్చు, దేన్నీ ముట్టుకోకూడదు. మీరూ పిల్లలతో ఇలాంటి తిరుగుడు పెట్టుకోవాలనుకుంటే, సికింద్రాబాద్‌లో మా ఆదివారం ఎలా గడిచిందో చెబుతాను.

మేముండేది తిరుమలగిరిలో. ఉదయం ఏడింటికల్లా మా వీధి చికెన్ షాపుకు ఎదురుగా ఒక అరుగు మీద కూర్చున్నాం. మొదటి రకం పరిశోధన పరిశీలన. దేన్నీ మార్చకుండా, జరిగేది జరిగినట్టు చూసి రాసుకోవాలి. ఆదివారం షాపు తెరిచేసరికే పైన గద్దలు తిరుగుతుంటాయి. అవి ఎన్ని వచ్చాయి, ఎటు నుంచి దిగాయి, షాపువాడు పారేసే ముక్కను దేనితో అందుకున్నాయి అని శ్రావ్య ఇరవై నిమిషాలు తల దించకుండా చూసింది. పది నిమిషాలకే నాకు విసుగు పుట్టింది. "నేను పోయి రెండు ముక్కలు అడిగి తెస్త, ఇటు వేద్దాం. దగ్గరికెళ్లి చూడొచ్చు" అన్నాను.

"నువ్వు వేస్తే అవి నీ కోసం వస్తయి డాడీ. వాటంతట అవి ఏం చేస్తయో ఎట్ల తెలుస్తది? జెర ఊకె కూసో."

ఊరుకున్నాను. గద్దలు ముక్కుతో కాదు, ప్రతిసారీ కాళ్లతోనే అందుకున్నాయి. నలభై ఏళ్లుగా ఆ ఆకాశం కిందే తిరుగుతున్న నాకు ఆ సంగతి ఆ రోజే తెలిసింది.

ఎనిమిదిన్నరకు ఆటో ఎక్కి పరేడ్ గ్రౌండ్ మెట్రో స్టేషన్‌కు వెళ్లాం. ఆటోకు నూట యాభై అయింది, ఆదివారం కాబట్టి పాతిక నిమిషాల్లో చేరాం. అక్కడి నుంచి నాలుగో స్టేషన్ బేగంపేట. నా ఆఫీసు అక్కడే కాబట్టి కానుగ చెట్లు ఎక్కడున్నాయో నాకు తెలుసు. రెండో రకం పోల్చి చూడడం. మెయిన్ రోడ్డు మీది చెట్టు ఆకుల మీద దుమ్ము ఎక్కువా, లోపలి గల్లీలో చెట్టు ఆకుల మీద ఎక్కువా అన్నది ప్రశ్న. రెండూ కానుగ చెట్లే ఉండాలి, ఆకులు ఒకే ఎత్తులో ఉండాలి, ఒక్కో చెట్టుకు ఐదు. ఆకు మీద సెల్లో టేపు అంటించి తీసి, తెల్ల కాగితం మీద అతికించాలి. బాగా దుమ్ము పట్టిన ఆకు ఒకటి కనిపిస్తే నేను ఉత్సాహంగా చూపించాను. శ్రావ్య నావైపు జాలిగా చూసి, కళ్లు మూసుకుని, చేతికి అందిన ఆకు పట్టుకుంది. ఏరుకుంటే ఫలితాన్ని ముందే మనం రాసుకున్నట్టు అని టీచర్ చెప్పారట. రోడ్డు మీది టేపులన్నీ బూడిద రంగులో వచ్చాయి. గల్లీవి దాదాపు తెల్లగానే ఉన్నాయి.

అసలు కథ పదిన్నర తర్వాత మొదలైంది. మళ్లీ మెట్రో ఎక్కి సికింద్రాబాద్ ఈస్ట్‌లో దిగి, స్టేషన్ దగ్గర నేను ఏళ్లుగా వెళ్లే ఇరానీ హోటల్‌కు నడిచాం. మూడో రకం ప్రయోగం. ఇందులో ఒక్క సంగతిని మాత్రమే మార్చి, మిగతావన్నీ ఒకేలా ఉంచాలి. ఒక చాయ్‌ని ఇద్దరు సగం సగం పంచుకునే వన్ బై టూ మన దగ్గర మామూలే కదా. కప్పులో సగమే ఉన్న చాయ్, నిండు కప్పు కంటే తొందరగా చల్లారుతుందా అన్నది శ్రావ్య ప్రశ్న. "ఒకే కెటిల్ చాయ్, ఒకే తీరు కప్పు. తేడా ఏముంటది?" అని నేను పందెం కాశాను. సగం కప్పే ముందు చల్లారుతుందని తను నోట్‌బుక్‌లో రాసుకుంది. బడి నుంచి తెచ్చుకున్న థర్మామీటర్‌తో మొదట ఒకసారి, ఐదు నిమిషాలకు ఒకసారి, పది నిమిషాలకు ఒకసారి చూడాలి.

ఐదు నిమిషాల లెక్క రాసింది. తొమ్మిదో నిమిషంలో హోటల్ నడిపే జహంగీర్ భాయ్ కెటిల్‌తో మా టేబుల్ దగ్గరికి వచ్చాడు. మేము అరిచేలోపే సగం కప్పును వేడి చాయ్‌తో నింపేశాడు.

"ఏంది భాయ్ మీరు! బిడ్డకు సగం చాయ్ ఇప్పిస్తరా? గదీ సుత సల్లగైంది. నా హోటల్ల పిల్ల గిట్ల కూసుంటే నాకు మంచిగుంటదా? పైసలొద్దు, తాగు బేటా" అన్నాడు.

శ్రావ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉంది. పదకొండు గంటలు దాటింది, ఆకలేస్తోంది. "పరేషాన్ గాకు. ఐదు నిమిషాలది ఉంది గదా, పదికి ఎంతుంటదో అందాజగా రాసెయ్. ఎవరికి తెలుస్తది?" అన్నాను.

"నాకు తెలుస్తది" అంది. "చూడకుండ రాస్తే అది మళ్ల నువ్వు చేసినట్టే అయితది డాడీ."

శ్రావ్య నోట్‌బుక్‌లో ఆ లెక్కల వరసను చెరిపేయలేదు. కనిపించేలా ఒక గీత కొట్టి, పక్కన "పాడైంది. కారణం: అంకుల్ ప్రేమతో చాయ్ పోసిండు" అని రాసింది. జరిగింది అర్థమయ్యాక జహంగీర్ భాయ్ తల పట్టుకున్నాడు. ఆపైన కాపలా ఆయనదే. "ఆ టేబుల్ కాడికి ఎవ్వరూ పోవద్దు, పరిశోధన నడుస్తుంది!" అని వెయిటర్లందరినీ అదిలించాడు. ఒక్కసారికి నమ్మకం లేదని శ్రావ్య మూడుసార్లు కొత్తగా చేసింది. మూడుసార్లూ సగం కప్పే ముందు చల్లారింది. నేను ఓడిపోయాను, అంత సంతోషంగా నేనెప్పుడూ ఓడిపోలేదు. చాయ్‌లకు, బిస్కెట్లకు కలిపి రెండొందల లోపే అయింది, ఒంటిగంటన్నరకు ఇంట్లో ఉన్నాం.

పరిశోధన అంటే తెల్లకోటు, గాజు సీసాలు అనుకునేవాణ్ణి. ఓపికగా చూడడం, న్యాయంగా పోల్చడం, ఒక్కటే మార్చి అడగడం, పాడైతే పాడైందని రాసుకోవడం అని నా పదేళ్ల కూతురు నాకు నేర్పింది. సోమవారం క్లాసులో ఆ కొట్టేసిన వరస గురించే అందరూ అడిగారట, అన్నిటికీ తనే జవాబు చెప్పిందట. చివర్లో టీచర్ "మీ డాడీ ఏమైనా సాయం చేసిండా?" అని అడిగితే, "చేసిండు మేడమ్. ఏం చేయకుండ కూసున్నడు. ఆయనకు గదే చాన కష్టం" అందట. క్లాసంతా మళ్లీ నవ్వింది. ఈసారి మా శ్రావ్య కూడా వాళ్లతో కలిసి నవ్వింది. ఇంటికొచ్చి ఆ మాట చెబితే గర్వంగా మళ్లీ ఒకసారి చెప్పించుకున్నాను.

వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. హోటల్‌లో ప్రయోగం పెట్టేముందు కప్పులు ముట్టుకోవద్దని అక్కడివాళ్లకు చెప్పండి, ఆ మాటే మీకు మీరు రెండుసార్లు చెప్పుకోండి.