కారుతోపాటు మావయ్యగారు

మామగారిని కారులో కూర్చోబెట్టి ఊరు చూపించిన అల్లుళ్ళు మీకు చాలామంది తెలిసే ఉంటారు. మామగారిని కారుతో సహా పెట్టెలో పెట్టి, మేకులు కొట్టించి, సముద్రం దాటించబోయిన అల్లుడిగా జంషెడ్‌పూర్ తెలుగువాళ్ళలో పేరు పడ్డవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఆ పేరులో నిజమెంతో, ఆ పెట్టెకు మేకులు కొట్టిన అప్పన్న మేస్త్రి నోటి చలవ ఎంతో మీరే తేల్చండి. ఇది చదివాక మీరు మీ అమ్మాయికి ఇంజనీరు సంబంధం వద్దనుకుంటే ఆ పాపం నాది కాదని ముందే మనవి చేసుకుంటున్నాను.

డెబ్భైల నాటి మాట. నాకప్పుడు ఇరవయ్యారేళ్ళు. విజయనగరం నుంచి వచ్చి, ఒక కార్ఖానాలో సరుకు పెట్టెల్లో కట్టించి రైలెక్కించే విభాగంలో చిన్న ఇంజనీరుగా చేరాను. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఖాయం చెయ్యమని రాయాల్సినవాడు మా పైఅధికారి గ్రెగ్సన్ దొర. స్కాట్లండ్ మనిషి. దొరలంతా ఎప్పుడో వెళ్ళిపోయినా ఈయన మాత్రం కొలిమి పక్కన మరిచిపోయిన పటకారులా ఇక్కడే మిగిలిపోయాడు. పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. ఉన్నదల్లా ఒక పాత నల్ల కారు. ఉద్యోగానికి వచ్చేటప్పుడు ఓడలో వెంటబెట్టుకొచ్చాడట. గుడ్లగూబ కళ్ళలాంటి దీపాలు, ఎక్కడానికి పక్కన మెట్టు, లోపల ఎర్రతోలు సీట్లు. బిష్టుపూర్ బజారులో అది వస్తుంటే బస్సులు కూడా పక్కకు తప్పుకునేవి. గౌరవంతో కాదు, దాని బ్రేకుల మీద అపనమ్మకంతో.

ఆ దొర రిటైరై స్వదేశం వెళ్ళిపోతూ, కారు కూడా తనతోనే వస్తుందన్నాడు. "ఇక్కడే అమ్మేయండి" అని మా ఆఫీసులో ఎవరో సలహా ఇస్తే, "మీ అమ్మగారిని అమ్ముతావా?" అని నెమ్మదిగా అడిగాడట. ఆ తరవాత ఎవరూ సలహాలివ్వలేదు. నేను మాత్రం సందు దొరికింది కదా అని ముందుకు దూకాను. "పెట్టె కట్టించే పని నాకు వదిలేయండి సర్. మీ కారు తల్లి కడుపులో బిడ్డలా వెళ్తుంది" అని మాటిచ్చాను. ఇప్పుడు తలుచుకుంటే నాలుక కొరుక్కోవాలనిపిస్తుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా మావయ్యగారు పార్వతీపురం నుంచి దిగారు. తాలూకా ఆఫీసులో హెడ్ గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. మా ఆవిడ సుభద్ర ఆయనకు ఒక్కగానొక్క కూతురు. కూతురి కొత్త కాపురం చూడ్డానికి వచ్చి, కూతురికంటే ఎక్కువగా దొరగారి కారును చూశారు. దొర బంగళా మా క్వార్టరుకు నాలుగడుగుల దూరం. మధ్యాహ్నం భోజనం కాగానే అక్కడికి వెళ్ళి, షెడ్డులో చెప్పులు విడిచి, గుళ్ళోకి వెళ్ళినట్టు కారులోకి వెళ్ళి, వెనకసీట్లో కునుకు తీసేవారు.

"మావయ్యగారూ, దొర ఏమైనా అనుకుంటారేమో" అన్నాను ఒకసారి.

"ఏటనుకుంటాడు అల్లుడుగారూ? నిన్న నేను పడుకునుంటే సప్పుడవకుండా తలుపేసి మరీ ఎళ్ళాడు. సీటు కాదది, ఉయ్యాల. కూకుంటే లెగబుద్దవదు."

నిద్ర సుఖమెరగదంటారు పెద్దలు. మా మావయ్యగారి నిద్రకు సుఖం బాగా తెలుసు. అది కూడా తోలుసీటు సుఖం. ఆయన నిద్రపోయాక పక్కన రైలింజను కూత పెట్టినా అది ఆయన గురకకు వంతపాటలా ఉండేది తప్ప ఆయన్ని లేపేది కాదు.

ఒక ఆదివారం పొద్దున్నే అప్పన్న మేస్త్రి మనుషులతో దిగాడు. అప్పన్నది శ్రీకాకుళం వైపు. భుయ్యాడీహ్‌లో ఉండి కాంట్రాక్టు మీద వడ్రంగి పని చేసేవాడు. కారును దొర షెడ్డులోంచి వాకిట్లోకి తోశారు. దుంగల పీఠం మీదికి ఎక్కించారు, మీద టార్పాలిన్ కప్పారు, చుట్టూ టేకు పలకలు నిలబెట్టారు. నేను చేతులు వెనక్కి కట్టుకుని, పెళ్ళిపందిట్లో మగపెళ్ళివారి పెద్దలా అటూ ఇటూ తిరుగుతున్నాను.

"మూసెయ్యమంటారా బాబూ?" అన్నాడు అప్పన్న.

"మూసెయ్యి, మూసెయ్యి! ఆలస్యమైతే రైలు మనకోసం ఆగదు."

మూసే ముందు లోపల ఒకసారి చూడ్డం నా పని. చూడలేదు. ఎందుకంటే ఆ సమయంలో నేను పెట్టె మీద "ఇటువైపు పైకి ఉండవలెను" అని ఇంగ్లీషులో రాయించే మహాకార్యంలో మునిగి ఉన్నాను. పెట్టె తలకిందులవుతుందేమోనన్న భయం ఇంజనీరుకు ఉంటుంది గాని, లోపల మనిషి ఉంటాడేమోనన్న అనుమానం ఎందుకుంటుంది చెప్పండి!

లారీ పెట్టెను స్టేషనుకు మోసింది. గూడ్స్ షెడ్‌లో క్రేను దాన్ని ఎత్తి, గోడలూ కప్పూ లేని బల్లబండి మీద పెట్టింది. గూడ్స్ బాబు, అంటే అక్కడి రైల్వే గుమాస్తా, లక్కముద్ర వేశాడు. ఆ బండిని సాయంత్రం గూడ్స్‌కు తగిలిస్తే కలకత్తా రేవు, అక్కణ్ణించి ఓడ. నేను ఛాతీ రెండంగుళాలు పెంచుకుని ఇంటికొచ్చి భోజనానికి కూర్చున్నాను.

మొదటి ముద్ద నోట్లో ఉండగా సుభద్ర అడిగింది. "నాన్నేరండీ?"

"ఇంట్లో లేరా?"

"పొద్దున్న కాఫీ తాగి, 'కారెళ్ళిపోతంది, ఆఖరిపాలి ఓసారి కూకుని వత్తాను' అని దొరగారి బంగళాకెళ్ళారు. మీతోనే ఉన్నారనుకున్నాను."

ముద్ద గొంతులోనే ఆగింది. పైకీ రాలేదు, కిందికీ పోలేదు. నా ఉద్యోగంలాగే మధ్యలో వేలాడింది.

ఇద్దరం బంగళాకు పరుగెత్తాం. షెడ్డు ఖాళీ. గోడవార మావయ్యగారి చెప్పుల జత మాత్రం, యజమాని ఇప్పుడే వచ్చేస్తాడన్న నమ్మకంతో బుద్ధిగా కూర్చుని ఉంది. దొర ఇంట్లో లేడు. వంటవాణ్ణి అడిగితే, "బూఢా బాబూ? సుబహ్ గాడీ మే బైఠే థే" అన్నాడు. ముసలాయన పొద్దున్న కారులో కూర్చున్నారట!

"దిగడం చూశావా?" అన్నాను హిందీలో.

"ఉతర్‌తే నహీఁ దేఖా."

దిగడం చూడలేదట. సుభద్ర ఆ చెప్పుల వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది.

"మా నాన్న చెప్పులు విడిచి కారెక్కుతారు. దిగాక తొడుక్కుంటారు. చెప్పులిక్కడే ఉన్నాయంటే..." "ఏవండీ, పెట్టె మూసే ముందు లోపల చూశారా?"

నేను చెప్పుల వైపు చూశాను.

"చూశారా అని అడుగుతున్నాను!"

"పైన రాతలు చూశాను" అన్నాను.

ఆ క్షణంలో ఆమె నన్ను చూసిన చూపును మా కొలిమిలో పెట్టి ఉంటే ఆ రోజుకు బొగ్గు అక్కర్లేకపోయేది. "నేను ఇరుగుపొరుగు ఇళ్ళల్లో అడుగుతాను. మీరు స్టేషనుకు పోండి. నాన్న లేకుండా గుమ్మం తొక్కకండి" అంది.

స్కూటరు మీద వెళ్తున్నానే గాని నా ప్రాణం నాకంటే ముందు వెళ్ళిపోతోంది. ఎండ నడినెత్తిన మాడ్చేస్తోంది. గాలి తగిలే స్కూటరు మీద నాకే నోరెండిపోతుంటే, మూసిన పెట్టెలో, టార్పాలిన్ కింద, ముసలాయన! ఒకవేళ బతికే ఉండి ఓడెక్కితే? స్కాట్లండ్‌లో పెట్టె విప్పగానే ధోవతి కట్టుకున్న పార్వతీపురం హెడ్ గుమాస్తా దిగి, "ఏ ఊరు బాబూ ఇది?" అని అడిగితే? నవ్వకండి. ఆ దారిలో నాకు నవ్వు రాలేదు. జుగ్సలాయి దాటేదాకా తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను. తెలియని దేవుళ్ళకు హిందీలో మొక్కాను.

గూడ్స్ షెడ్ నీడలో అప్పన్నా మనుషులూ అన్నం తింటున్నారు. సంగతి చెప్పగానే అప్పన్న చేతిలో ముద్ద జారిపోయింది.

"బాబోయ్! మేకులు కొడతన్నప్పుడు లోన్నించి ఏదో మూలిగినట్టే అయింది బాబూ. కారు స్ప్రింగులనుకున్నాను!"

"చెప్పొద్దా!"

"స్ప్రింగులు మూలిగితే ఏటి సెప్తాను బాబూ?"

గునపాలు తీసుకుని బండి మీదికి ఎగబాకాం. గూడ్స్ బాబు చేతులు ఊపుకుంటూ వచ్చాడు. "అరే సాబ్! సీల్ మత్ తోడో! సీల్ టూటా తో గాడీ నహీఁ జాయేగీ!"

ముద్ర పగిలితే బండి కదలదట. "లోపల మనిషి ఉన్నాడయ్యా!" అని హిందీలో అరిచాను. ఆ మాటతో షెడ్‌లో ఉన్న కూలీలు, రిక్షావాళ్ళు, టీకొట్టువాడు అందరూ మూగారు. నేను పెట్టె నెత్తికెక్కి పైపలకలు పెళ్ళగిస్తున్నాను. అప్పన్న ముందువైపు పలకను చీలుస్తున్నాడు. "మావయ్యగారూ!" అని నేను, "పెద్దబాబూ!" అని అప్పన్న. లోపల్నించి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

అప్పుడే, సరిగ్గా అప్పుడే, కిందికి చూస్తే జనం మధ్య తెల్లటి వెడల్పంచు టోపీ కనిపించింది. ఊళ్ళో అలాంటి టోపీ ఒక్కటే ఉంది. గ్రెగ్సన్ దొరది! కారును సాగనంపడానికి వస్తానని ఆయన చెప్పనే చెప్పాడు. వచ్చి చూస్తే ఏముంది? తల్లి కడుపులో బిడ్డలా వెళ్తుందన్న కారు మీద నేను గునపంతో శివతాండవం చేస్తున్నాను. ఉద్యోగం పోయింది, మామగారు పోయారు, ఇంటికెళ్ళే ముఖమూ పోయింది. గునపం ఆపకుండా, తల ఎత్తకుండా, వచ్చిన ఇంగ్లీషంతా కుమ్మరించాను.

"సారీ సర్! వెరీ సారీ సర్! మై ఫాదరిన్‌లా ఈజ్ ఇన్‌సైడ్ సర్!"

టోపీ ముందుకొచ్చింది. పైనుంచి నాకు టోపీ అంచు తప్ప ముఖం కనిపించదు.

"హీ ఈజ్ యాన్ ఓల్డ్ ఫూల్ సర్! ఎనీ సాఫ్ట్ సీట్, హీ స్లీప్స్ సర్! లైక్ బఫెలో సర్!"

టోపీ కాసేపు కదల్లేదు. తరవాత నెమ్మదిగా వెనక్కి వాలింది. దాని కిందనుంచి నెరిసిన మీసాలు, విభూతి రేఖలు బయటికొచ్చాయి.

"ఏటి అల్లుడుగారూ, ఓల్డు ఫూలన్నది నన్నేనా?"

గునపం చేతిలోంచి జారి లోపల కారు నెత్తిన టంగుమంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టంటారు. నేను కాళ్ళ దగ్గర మామగారిని పెట్టుకుని, ఆయనకే ఇంగ్లీషులో ఆయన్ని తిడుతూ వెతికాను.

"మావయ్యగారూ! మీరు... మీరు లోపల లేరా?"

"లోనెందుకుంటాను? మీరు ఫాదరిన్‌లా లోనున్నాడంటంటే, నేనిక్కడుంటే లోనున్న ఇంకో మావగారెవరా అని నేనూ కంగారుపడి సూత్తన్నాను."

జరిగిందేమిటంటే, పొద్దున్న మావయ్యగారు కారులో కూర్చుని కళ్ళు తుడుచుకోవడం చూసి దొరకు మనసు కరిగిందట. గుర్తుగా ఉంచుకొమ్మని తన టోపీ ఇచ్చాడు, పాత బూట్లూ ఇచ్చాడు. "బూట్లేసుకున్నాక సెప్పులెందుకని గోడవార ఒగ్గేసేను. బిష్టుపూర్ స్టూడియోకెళ్ళి ఓ ఫోటో దిగేను. కారు ఎళ్ళిపోయే ముందు ఆఖరిపాలి సూద్దామని రిచ్చా కట్టించుకుని వచ్చేను" అన్నారు. తరవాత గొంతు తగ్గించి, "బఫెలో అన్న ముక్క మన సుభద్రతో అనకండి. నాకు పర్లేదు గాని దానికి కోపం జాత్తి" అన్నారు.

సంతోషపడ్డానికి తీరిక లేదు. పెట్టె పైకప్పు, ముందుభాగం తునాతునకలయ్యాయి. సాయంత్రం గూడ్స్ వచ్చేలోగా పెట్టె మూసి ఉంటే మళ్ళీ ముద్ర వేస్తానని గూడ్స్ బాబు దయతలిచాడు. కాని ఆదివారం! కర్రల అడితీలు మూసేశారు, కార్ఖానా స్టోర్సు మూసేశారు. ఎక్కడా ఒక్క పలక లేదు. ఈ బండి తప్పితే ఓడ తప్పుతుంది. నేను తల పట్టుకుని కూలబడ్డాను.

"టేకు కావాలి, అంతే గదా?" అన్నారు మావయ్యగారు. "మీ ఇంట్లో నా మంచం ఉంది గదేటి!"

పెళ్ళికి ఆయన దగ్గరుండి చేయించి ఇచ్చిన పందిరిమంచం అది. తలవైపు పలక మీద ముక్కులు ఆనించుకున్న రెండు నెమళ్ళు. అప్పన్న మనుషులు దాన్ని విప్పుతుంటే సుభద్ర తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడింది. ఆమె కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి.

"నాన్న దొరికిన సంతోషంలో ఒప్పుకుంటున్నాను. ఈ సంతోషం ఎంతసేపుంటుందో చెప్పలేను. తొందరగా తీసుకుపోండి" అంది.

పక్కపలకలు పైకప్పుకు, నెమళ్ళ పలక ముందువైపుకు సరిపోయాయి. చివరి మేకు పడుతుండగా అసలు దొర టోపీ లేని తలతో వచ్చాడు. పెట్టె ముందు నిలబడి నెమళ్ళను చాలాసేపు చూశాడు. వేళ్ళతో తడిమాడు.

"ఇది... నా కోసం చెక్కించావా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

నేను మావయ్యగారి వైపు చూశాను. ఆయన ఆకాశం వైపు చూశారు. అప్పన్న తన సుత్తి వైపు చూసుకున్నాడు.

"యస్ సర్" అన్నాను.

దొర వెళ్ళే ముందు నా గురించి మంచి మాటలు రాసిచ్చాడు. ఉద్యోగం ఖాయమైంది. అంతటి శ్రద్ధగల యువకుణ్ణి తన సర్వీసులో చూడలేదట. నిజమే, నేనూ చూడలేదు.

మర్నాడు పొద్దున్న చాప మీంచి నడుం పట్టుకుని లేస్తూ సుభద్ర అడిగింది. "ఈపాటికి మన మంచం ఎక్కడుంటుందండీ?"

"ఖరగ్‌పూర్ దాటి ఉంటుంది."

"మీరు నన్ను పూరీ అయినా తీసుకెళ్ళలేదు. మంచం మాత్రం స్కాట్లండ్ వెళ్తోంది" అని ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అప్పుడు ఆ చాప మీద తూర్పుముఖంగా కూర్చుని, నొప్పెడుతున్న నా నడుం సాక్షిగా ప్రమాణం చేశాను. ఇకమీదట ఏ పెట్టెకు మేకు కొట్టించినా ముందు లోపల చూస్తాను. ఆ తరవాత చుట్టూ చూస్తాను. ఆ తరవాత "మావయ్యగారూ!" అని పిలిచి, ఆయన పలికాకనే సుత్తి ఎత్తనిస్తాను. అన్నిటికంటే ముఖ్యంగా, మామగారి గురించి మనసులో మాట చెప్పుకోవాల్సి వస్తే, ఇంగ్లీషులోనే అయినా సరే, ఎదుటివాడి ముఖం చూడందే నోరు విప్పను.