రాహేలమ్మత్త రెండు ఫర్లాంగుల నడక

ఒక ఆదివారం మేం చర్చి నుంచి తిరిగొచ్చేసరికి, ఆరు నెలలుగా మా నరసరావుపేట ఇంటి గేటు దాటని మేనత్త రాహేలమ్మ నాతో పందెం వేసింది.

"గురజాలలో మా సందు మొదట్నుంచి నా గడప దాకా నా కాళ్ళతో నేను పోతే నన్నాడే ఒదిలెయ్యి అల్లుడా. బండెక్కానంటే చచ్చేదాకా నీ ఇంట్లోనే ఉంటా."

వానల్లో జారిపడిందని మేమే తెచ్చుకున్నాం. పిల్లాజెల్లా లేని మనిషి. నాకు ఆవిడంటే ప్రాణం. ఓడిపోవాలనే కోరుకుంటూ సరేనన్నాను.

మంగళవారం ఉదయం ఆరింటికి బొగ్గుతో నడిచే బస్సు ఎక్కాం. పెట్రోలంతా యుద్ధానికి పోతున్న రోజులు. ఎత్తు వచ్చినచోటల్లా మగవాళ్ళం దిగి తోశాం. "గట్టిగా నెట్టండ్రా, తిన్లేదా?" అని అత్త కిటికీలోంచి హుకుం జారీ చేసింది. సత్తెనపల్లిలో ఇడ్లీ తిని పది గంటలకు మాచర్ల రైలెక్కాం. వెళ్ళదలచినవాళ్ళు తిండి వెంట తీసుకెళ్ళడం మేలు, ఆపైన ఏమీ దొరకదు. రాజుపాలెం మిరపకాయల వ్యాపారి ఒకాయన అత్త మోకాళ్ళ వాపు చూసి, "ఈ కాళ్ళతో ఏడికమ్మా పయనం?" అన్నాడు.

"నడవటానికి నాయనా," అంది. ఆయన నావైపు జాలిగా చూశాడు.

ఒంటిగంటన్నరకు గురజాలలో దిగి, ఆరణాలకు ఎద్దుబండి మాట్లాడి, సందు మొదట్లో ఆపించాను. బండిని వెనకాలే రమ్మన్నాను. అత్తకు అర్థమైంది.

"మీ నాన్న బుద్ధులు యాడికి పోతయ్యి!" అంది.

రెండింటికి కర్ర పట్టుకుని బయల్దేరింది. ఆ సందులో ఇంటింటికీ వీధివైపు నాపరాళ్ళ అరుగులున్నాయి. ఇరవై అడుగులు నడవటం, అరుగుమీద కూలబడటం. కళాయి వేసే మస్తాన్ అరుగుమీద మంచినీళ్ళు తాగింది. మరో అరుగుమీద ఎవరి కోడలో కాపురం సంగతులన్నీ చెప్పుకుంది. గడియారం చూసుకుంటూ నేనొక్కణ్ణే అలిసిపోయాను.

మూడింటికి చిక్కొచ్చిపడింది. కొత్తగా ఇల్లు కట్టినాయనెవరో అరుగులు తీయించి పొడుగ్గా గోడ పెట్టాడు. ఎదుటివైపంతా కంపచెట్ల ఖాళీ స్థలం. గోడ సగానికొచ్చేసరికి అత్త కాళ్ళు వణికాయి, ముఖం పాలిపోయింది. బండివాడు ఎద్దును అదిలించాడు.

"ఎక్కు అత్తా," అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

ఇంతలో అత్త పక్కింటి పీరాంబీ, ఆవిడా అత్త ఈడుదే, నులకమంచం ఈడ్చుకుంటూ వచ్చి సందు మధ్యలో వేసింది.

"కూచో వదినా. నువ్వు లేక ఆర్నెల్లుగా నేనూ గడప దిగలా."

"ఇది పందెంలో లేదు," అన్నాను.

"నడుస్తానన్నా గానీ కూచోనన్నానా?" అంది అత్త.

కాసేపటికి ఇద్దరూ లేచి ఒకరి భుజం ఒకరు పట్టుకుని నడిచారు. మూడూముప్పావుకి అత్త తన గడపమీద కాలుపెట్టి, వెనక్కి తిరిగి నవ్వింది. మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అట్లా నవ్వగా చూళ్ళేదు. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున రైల్లో ఒక్కణ్ణే తిరిగొచ్చాను. మా ఇంటినుంచి చర్చి అత్త నడిచిన ఆ రెండు ఫర్లాంగులకంటే దగ్గర. ఆరు నెలలు ఆవిడ మోకాళ్ళకి తైలం రాశాం గానీ, దారిలో కూచునే చోటుందా, పలకరించే మనిషుందా అని చూళ్ళేదు. సత్తెనపల్లి వచ్చేలోపు నిశ్చయించుకున్నాను: మా గోడ బయట, వీధివైపు, ఒక అరుగు కట్టించాలి. అత్త ఇక రాదు. అయినా మా వీధిలో గేటు దాటని ముసలివాళ్ళు ఇంకెందరున్నారో, నేనింతవరకూ అడగనేలేదు.